గోడ పైకి కనిపించినంత మేర

చచ్చేవాడు చలికాలంలో చావకూడదూ? మే నెలలో చావాలా? అదీ పూల పండక్కి తొమ్మిది రోజులుందనగా, కొమ్మకో మొగ్గ ఉంచి పక్క మొగ్గలన్నీ గోటితో గిల్లేసే పని నెత్తి మీదున్నప్పుడు చావాలా? మంగలి హోషిమ్ ఇంటి గుమ్మం ముందు నిలబడి తుర్సునలి పళ్ళు కొరుక్కుంటున్నాడు. ఒంటి మీద దూది పెట్టి కుట్టిన పొడుగు అంగీ, చాపాన్, దాని మీద నడుముకు బిగించిన గుడ్డ, నెత్తిన నాలుగు పలకల నల్ల టోపీ. నమంగాన్ ఎండ పది గంటలకే వీధిలోకి దిగి, చాపాన్‌లో చెమటను నాటి నీళ్ళు పెడుతోంది. పక్కింటివాడు పోతే గుమ్మం దగ్గర నిలబడి వచ్చేవాళ్ళ పరామర్శ అందుకోవాలి. పోయినవాడితో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవని చెప్పినా పేట మర్యాద వినదు. వచ్చినవాడల్లా గుండె మీద చెయ్యి పెట్టుకుని, "నీ అండ పోయింది తుర్సునలి అన్నా" అంటున్నాడు. అండా? వాడి గోడ నీడ పడి నా రెండో వరస మొక్కలకు మధ్యాహ్నం దాకా ఎండే రాదు, పోయింది అండ కాదురా, ఎండకు అడ్డం. పైకి మాత్రం తల వంచి "దేవుడి చిత్తం" అంటున్నాడు. దేవుడిదీ తనదీ ఈ విషయంలో ఒకే చిత్తం అయినందుకు లోపల కాస్త సంతోషంగానే ఉంది. పదకొండుకు జనాజా నమాజు, పోయినవాడి కోసం చేసే ప్రార్థన. శవాన్ని మోసే తాబూతును వీధిలో దించుతారు, ఇమాం ముందుకొస్తాడు, జనం వైపు తిరిగి ఒక్క ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమే తుర్సునలి తొమ్మిదేళ్ళుగా బతుకుతున్నాడు. పోయినవాడు ఎలాంటి మనిషి? అందరూ కలిసి మంచి మనిషి అంటారు. ఎవడు పోయినా అంటారు. గొర్రెలు దొంగిలించినవాడికీ అన్నారు, పెళ్ళాన్ని కొట్టినవాడికీ అన్నారు. ఇవాళ మాత్రం ఒక గొంతు తేడాగా పలుకుతుంది.

ఆ సంగతి పేటంతా ఎరుగును. చాయ్‌ఖానాలో ముప్పై మంది ముందు తనే చెప్పాడు కదా. నువ్వు చచ్చినరోజు మొదటి వరసలో నిలబడతా, ఇమాం అడగ్గానే నువ్వెలాంటివాడివో గొంతెత్తి చెప్తా, అని. హోషిమ్ చాయ్ గిన్నె కింద పెట్టి తాపీగా, "మొదటి వరసైతే ముందు గడ్డం గీయించుకో, పరువు పోతుంది" అన్నాడు. ముప్పై మందీ నవ్వారు. వాడి నోరే కత్తి, చేతిలో కత్తి దండగ. తల దువ్వడం వాడి వృత్తి, కాలు దువ్వడం వాడి ప్రవృత్తి. ఆ రోజు నుంచి తుర్సునలి వాడి దుకాణం మెట్టెక్కలేదు. పేటలో వేరే మంగలి లేడు. తన తలను తనే గులాబీల కత్తెరతో కత్తిరించుకున్నాడు, అద్దంలో కుడి ఎడమై ఒక పక్క చిగుళ్ళు, ఒక పక్క మోళ్ళు. "నీ మొక్కలకు చేసినట్టైనా చేసుకోవయ్యా, వాటికి కనీసం ఒక ఆకారం ఉంటుంది" అంది బసోరత్, కట్టుకున్నది. తొమ్మిదేళ్ళు ఆ తలతోనే పెళ్ళిళ్ళకు వెళ్ళాడు. పగ అంటే మాటలా, పగటి పూట నలుగురిలో తిరగాలి దానితో.

అంతా ఆ గులాబీతోనే వచ్చింది. గులాబీ కాదది, గుబులు. ముప్పై ఏళ్ళు నగరపాలక తోటలో మాలీగా చేసిన మనిషికి ఏ పువ్వు ఎంతదో తెలీదా? పేరుకు హైబ్రిడ్ టీ, చాయ్‌ఖానాలో దొరికే సరుకు కాదు. తాష్కెంట్‌లో ఒక పాత తోటమాలి ఇచ్చాడు, మూడు పుల్లలు. తడి ఆరకుండా బంగాళాదుంపలో గుచ్చి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చాడు. పక్క సీటావిడ, "దుంపను జోకొడుతున్నావేంటయ్యా, నిద్రపోవట్లేదా?" అంది. నిద్రపోనిది తను. ఒక పుల్ల ఎండింది. ఒకదాని కన్ను, అదే చిగురు మొలిచే మొటిమ, తీసి తన పెరట్లో అడవి గులాబీ వేరుకు అంటు కట్టాడు. కుక్కముక్కు అంటారు ఆ అడవి గులాబీని, పేరులో ముక్కు ఉన్నా వాసన ఉండదు, వేరు మాత్రం ఉక్కు. మూడో పుల్ల మిగిలింది. మిగిలినదాన్ని పారేయొచ్చుగా! అక్కడే మనిషన్నవాడు చెడతాడు. గోడ మీంచి కేకేశాడు, హోషిమ్ అన్నా, నీ పెరట్లో కుక్కముక్కు ఉందిగా, రా, దాన్ని రాజకుమారిని చేస్తా, అని. తన చేత్తోనే కట్టాడు. కట్టడానికి పీలిక లేకపోతే తన ఆకుపచ్చ వాన కోటు అంచు చింపాడు. హోషిమ్ పక్కన గొంతుక్కూర్చుని, పసివాడికి పుట్టువెంట్రుకలు తీస్తుంటే తల్లి చూసినట్టు చూశాడు. ఆ వేసవి చివర రెండు పెరళ్ళలోనూ ఒక్కో పువ్వు పూసింది. నలుపు తిరిగిన ఎరుపు. అంచు దగ్గర రేక కాస్త వెనక్కి మడత, ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు. అప్పుడు ఇద్దరూ గోడకి అటూ ఇటూ నిలబడి చాయ్ తాగేవాళ్ళు. ఇప్పుడు గోడకి అటూ ఇటూ గొడవ. ఛీ, ఆ చాయ్ ఎందుకు గుర్తొస్తోంది, చచ్చినవాడి గుమ్మం ముందు నిలబడితే చచ్చిన సంగతులే గుర్తొస్తాయి కాబోలు.

"ఓర్చుకో అన్నా" అని ఎవరో చెయ్యి నొక్కి వెళ్ళారు. ఓర్చుకోవడమా, ఇంకా యాభై నిమిషాలు ఓర్చుకుంటా. చలికాలం వస్తే ద్రాక్ష తీగనీ గులాబీనీ వంచి మట్టిలో పూడుస్తారు, అందరూ చేసేదే. మార్చిలో నవ్రూజ్ పండగ దాటాక తెరవాలి. ఎప్పుడు తెరవాలన్నదే విద్య. జల్దారు పండ్ల చెట్టు పువ్వు రాలేదాకా మన్ను తీయకూడదు, ఆ సంగతి తుర్సునలికి నిద్రలో లేపినా తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట నవ్రూజ్ అయిన మూడోనాడు హోషిమ్ గోడ మీంచి తల పెట్టి, "నేను తెరిచేశానయ్యా, ఎండ చూడు, పెళ్ళి ఎండ! నువ్వింకా పూడ్చిపెట్టుకు కూర్చున్నావా?" అన్నాడు. తుర్సునలి తెరిచాడు. రెండో రాత్రి మంచు పడింది. తెల్లారేసరికి కొమ్మ కొమ్మంతా బొగ్గు. చలి ఒక్క రాత్రిలో చెలిమిని చంపింది. చాయ్‌ఖానాకు వెళ్ళి గట్టిగా అడిగాడు, నువ్వు తెరవలేదు, తెరిచానని చెప్పి నా చేత తెరిపించావు, నీది మట్టిలో వెచ్చగా పడుకునుంది, అవునా కాదా? హోషిమ్ చాలాసేపు చూశాడు. ఆ చూపు ఇప్పటికీ గుర్తే, చెంప మీద కత్తి ఆపి ఎటు గీయాలా అని చూసే చూపు. తర్వాత, "నాది బతికే ఉంది. జూన్‌లో గోడ మీంచి చూస్తావుగా" అన్నాడు. ఒక్క పుల్ల ఇవ్వు, అని నోరు విడిచి అడిగాడు తుర్సునలి, ఆ పౌరుషంలోనే, నా పుల్ల నాకివ్వు. "దిష్టి తగులుతుంది, ఎవరినీ దగ్గరకు రానివ్వను" అన్నాడు. దిష్టట! అప్పుడే కదా ఆ ప్రతిజ్ఞ చేసింది.

జూన్‌లో నిజంగానే గోడ పైకి వచ్చింది. ఎర్రగా, నలుపు తిరిగి. ముందు ఒకటి, తర్వాత మూడు. పెరటి తలుపుకు తాళం వేశాడు హోషిమ్, గోడెక్కి తొంగిచూడ్డం తుర్సునలికి నామోషీ, కనుక కనిపించేది గోడ పైన ఉన్నంత మేరే, తలలు మాత్రమే. ఆ తలలు తొమ్మిదేళ్ళు తుర్సునలి తల తిన్నాయి. మనిషి నిలువెత్తు గోడ, దాన్ని దాటి హైబ్రిడ్ టీ పెరగడమేంటి? తనవి నడుము దాటవు. ఏం ఎరువు వేస్తున్నాడు? గొర్రె ఎరువు వేశాడు తుర్సునలి, చేప ఎముకలు వేశాడు, పావురాల రెట్ట నానబెట్టి పోశాడు, వీధి కుక్కలు వారం రోజులు అతని వెంటే తిరిగాయి. జూలై మండే ఎండలో ఊళ్ళో గులాబీలన్నీ సొమ్మసిల్లి పడుంటే గోడ మీదివి మాత్రం నిగనిగలాడతాయి. అక్టోబరులో తనవి బూజు పట్టి ఆకు రాలిస్తే వాడివి కొత్తగా పూస్తాయి. ఒక ఏడాదైతే కాస్త గులాబీ రంగు తిరిగాయి, ఇనుము తక్కువైందిరా నీ మట్టికి అని సంబరపడి, మర్నాడే తన మట్టిలో పాత మేకులు పాతాడు, ముందు జాగ్రత్త. ప్రతి గురువారం హోషిమ్ సైకిలు మీద బజారునుంచి వచ్చేవాడు, హ్యాండిలుకు కాగితం చుట్టిన పొడుగాటి కట్ట. ఉల్లికాడలు. ఉల్లికాడలంటే అంత ఇష్టమేంట్రా నీకు, నోటి కంపు చాలదా? చూపు తిప్పుకునేవాడు. పూల పండక్కి తనవి ఎన్ని బహుమతి పత్రాలు తెచ్చినా, ఇంటికొచ్చి గోడ వైపు చూడగానే ఆ కాగితాలు కాగితాలే అయిపోయేవి. మూడు రోజులుగా ఆ తలలు వాలాయి. ఇవాళ పొద్దున తన పెరట్లోంచి చూస్తే వాడిన ఎరుపుల మధ్య తెల్లగా ఏవో చుక్కలు, సీతాకోకచిలుకలు కాబోలు. జబ్బున పడ్డాక నీళ్ళు పోసే దిక్కు లేదన్నమాట, వాడు పోతే గులాబీ కూడా పోతుంది, తన గులాబీ! అందుకే చాపాన్ జేబులో అంటు కత్తి పెట్టుకొచ్చాడు. ఇవాళ రెండు పనులు. ఇమాంకు జవాబు చెప్పడం, తన పుల్ల తను కోసుకుపోవడం. తొమ్మిదేళ్ళ లెక్క ఒక్క పూటలో తేలుతుంది.

హోషిమ్ కొడుకు బఖ్రోమ్ లోపల్నుంచి వచ్చాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, తండ్రి ముక్కే, తండ్రి మొండి గడ్డమే. గుమ్మం దగ్గర ఆరుగురు మగవాళ్ళున్నారు, అందులో ముగ్గురు కుర్రాళ్ళు. వాళ్ళందరినీ దాటుకుని తుర్సునలి ఎదుటికే వచ్చి నిలబడ్డాడు. "బాబాయ్, కడిగేవాళ్ళు ఇంకో రెండు బక్కెట్లు అడుగుతున్నారు. పెరటి పంపు దగ్గర పట్టుకురా." ఒరే, అరవై మూడేళ్ళవాడిని, కుర్రాళ్ళను పంపొచ్చుగా? "నువ్వే వెళ్ళు బాబాయ్" అని చేతిలో తాళం చెవి పెట్టాడు. తోడేలుకు గొర్రెలదొడ్డి తాళం ఇచ్చినట్టుందే అనుకున్నాడు తుర్సునలి. పక్క సందులోంచి, ఆడవాళ్ళ ఏడుపు గోడల్లోంచి తడిగా వినిపిస్తుంటే, బక్కెట్లు చప్పుడు కాకుండా నడిచాడు. జేబులో కత్తి తొడను గుర్తు చేస్తూనే ఉంది.

తాళం తీశాడు. పంపు పక్కనే ఉంది పొద. పొద ఏంటి, అడవి. నిలువెత్తు. ఆకు వైపు ముందు వెళ్ళింది కన్ను, ముప్పై ఏళ్ళ అలవాటు. కాడకు ఏడు చిట్టి ఆకులు, సన్నగా, లేత పచ్చగా. చేతికి వచ్చిన కొమ్మనల్లా లెక్కపెట్టాడు, ఏడు, ఏడు, ఏడు. మంచి గులాబీకి ఉండాల్సింది ఐదు పెద్ద ఆకులు కదా! తెల్ల చుక్కలు సీతాకోకచిలుకలు కావు, ఐదు రేకుల అడవి పువ్వులు. కుక్కముక్కు. నఖశిఖపర్యంతం కుక్కముక్కు. మరి ఎరుపు? పైన, గోడ దాటిన చోట, మూడు గులాబీలు, తల వేలేసి. బక్కెట్టు బోర్లించి ఎక్కాడు. కాడ చివర కోసిన కోత, ఏటవాలుగా, బజారు పూలవాళ్ళు కోసే కోత. కాడను కొమ్మకు కట్టి ఉంది. నల్ల దారం, మంగలి దుకాణంలో మెడ చుట్టూ కప్పే గుడ్డ అంచులు కుట్టే దారం. ముడి మీద ముడి. పాత దారాలు కొమ్మంతా, పక్షి గూడు కట్టడానికి తెచ్చి మరిచిపోయినట్టు, ఒకటి మీద ఒకటి, ఏళ్ళ నాటివి, వాన కడిగినవి, ఎండ తిన్నవి. దారమే ఆధారం. ఉల్లికాడలు కావు. గురువారం ఉల్లికాడలు కావు.

బక్కెట్టు దిగి కిందే కూర్చున్నాడు. మొదలు దగ్గర మట్టి గోకాడు, గోళ్ళతో, చాపాన్ అంచు బురదలో పడుతున్నా. అంటు కట్టిన చోట బొటనవేలంత మోడు, నల్లగా, బొగ్గు. దాని మెడకు ఇంకా చిన్న పీలిక, ఆకుపచ్చది. తన వాన కోటు. తన ముడి. మంచు కాల్చిన నలుపు ఎలా ఉంటుందో తుర్సునలికి వేరే చెప్పాలా, తన పెరట్లో అదే నలుపును తనే తవ్వి పారేశాడు. అంటే తెరిచాడు. తెరిచానని చెప్పినవాడు తెరిచాడు. ఇద్దరివీ ఒకే రాత్రి పోయాయి. మరి ఆ రోజు చాయ్‌ఖానాలో చెప్పొచ్చుగా, అయ్యో తుర్సునలీ, నాదీ పోయిందయ్యా అని! ముప్పై మంది ముందు నువ్వు దొంగవి, దగాకోరువి అని అరిచాక చెప్తాడా? దొంగ అంటే దొరలా కూర్చున్నాడు, తెలివితక్కువవాడు అనిపించుకోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. కత్తి ఎటు గీయాలా అని చూసిన చూపు. గీసుకున్నాడు, తనకు తనే. ఇంకొకటి కూడా ఈ మట్టిలోంచే పైకొస్తోంది, తొమ్మిదేళ్ళు లోతుగా పూడ్చిపెట్టినది. ఆ రోజు జల్దారు పువ్వు రాలలేదు. తనకు తెలుసు. మాలీ తను, మంగలి వాడు. వాడు చెప్పాడని తెరిచాడా? ఒక మంగలి గులాబీ నా గులాబీ కంటే ముందు చిగురిస్తుందా అని తెరిచాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, బసోరత్‌కు చెప్పలేదు, తనకు తను కూడా.

ముసలివాడు, మోకాళ్ళ నొప్పులతో, వారం వారం బజారుకు వెళ్ళి, జూలై ఎండలో, అక్టోబరు వానలో, చీకటితో లేచి బక్కెట్టు ఎక్కి, ముళ్ళ మధ్య చెయ్యి పెట్టి, అడవి పువ్వుల్ని గిల్లేసి కొన్న పువ్వుల్ని కట్టి, నా కోసం. పేట మొత్తంలో ఆ గోడ వైపు చూసేవాడు నేనొక్కడినే కదా. ఎంత ద్వేషం ఉండాలిరా హోషిమ్ దానికి! నా పెళ్ళాం నాకు తొమ్మిదేళ్ళలో అన్నిసార్లు కూర వండి ఉండదు. నా తోటలో ఏ మొక్కకూ నేను అంత చాకిరీ చేయలేదు. నవ్వు వస్తోంది, ఎక్కడ పడితే అక్కడ నవ్వకూడదు, లోపల శవానికి స్నానం. కత్తి తీశాడు. పుల్ల కోయడానికి పుల్ల లేదు. బక్కెట్టు మళ్ళీ ఎక్కి దారాలు తెంపాడు. మూడు గులాబీలనూ చాపాన్ లోపల, నడుము గుడ్డ కింద దోపాడు. మధ్యాహ్నం ఆడవాళ్ళు నీళ్ళకు వస్తారు, చూస్తారు, నవ్వుతారు. ఎవరిని చూసి నవ్వుతారు? కట్టినవాడిని చూసా, తొమ్మిదేళ్ళు చూసి కుళ్ళినవాడిని చూసా? రెండూ ఒకటే, వాడు చచ్చి తప్పించుకున్నాడు, మిగిలింది నేను.

బక్కెట్లు మోసుకొస్తే సందు మలుపులో బఖ్రోమ్ గోడకు ఆనుకుని ఉన్నాడు. తుర్సునలి మోచేతులకున్న బురద చూశాడు, ఖాళీ అయిన గోడ తల చూశాడు. "చెప్పొద్దన్నాడు బాబాయ్. చూపించొద్దని మాత్రం అనలేదు." ఎన్నాళ్ళ నుంచి తెలుసురా నీకు? "మొదటినుంచీ. నిన్న సాయంత్రం కూడా ఒకటే పోరు, పువ్వులు వాడిపోయాయి, తుర్సునలి చూస్తాడు, బజారుకెళ్ళు బజారుకెళ్ళు అని." వెళ్ళలేదేం? బఖ్రోమ్ ముక్కు తుడుచుకున్నాడు. "నా చెయ్యి వదిలితేగా."

వీధిలో జనం వరసలు కట్టారు. తుర్సునలి మొదటి వరసలో నిలబడ్డాడు, అతని చోటు అతనికి వదిలే ఉంచారు, చూడ్డానికి వచ్చినవాళ్ళు ఉండనే ఉన్నారు. తాబూతు ఎదురుగా. ఎంత చిన్నగా ఉన్నాడు, ఈ కొలతలో ఇంత మొండితనం ఎలా పట్టిందో. నడుము దగ్గర ముల్లు దిగుతోంది. తొమ్మిదేళ్ళు నోట్లో నానబెట్టిన మాట నాలుక చివరే ఉంది. దగాకోరు. అంటే ఏమవుతుంది, ఏం దగా చేశాడని అడుగుతారు. అడిగితే? పువ్వులు కట్టాడని చెప్పాలి. మరి నువ్వు మాలీవి కదా, తొమ్మిదేళ్ళు ఆకు చూడలేదా అంటారు. మంచి మనిషి అంటేనో, అబద్ధం. తొమ్మిదేళ్ళు నన్ను మాడ్చినవాడు మంచివాడేంటి? చచ్చి కూడా నా నోరు కట్టేశాడు, ముడి మీద ముడి వేసి.

ఇమాం ముందుకొచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "జనులారా, హోషిమ్ ఎలాంటి మనిషి?"

"మంచి మనిషి! మంచి మనిషి!" అన్నారు అందరూ, ఆ వెంటనే ఆగిపోయారు, ఒక్కసారిగా, పిచ్చుకల గుంపు ఆగినట్టు. తలలన్నీ ఇటే తిరిగాయి. ఇమాం కూడా ప్రార్థనకు చేతులెత్తకుండా ఆగాడు, ఆయనా ఆ రోజు చాయ్‌ఖానాలో ఉన్నవాడే. బఖ్రోమ్ మాత్రం నేల వైపు చూస్తున్నాడు.

"నాతో అబద్ధం చెప్పలేదు!" అన్నాడు తుర్సునలి. అరిచాడు నిజానికి, కోపంగా, ఎవరితోనో దెబ్బలాడుతున్నట్టు. "తెరిచానన్నాడు. తెరిచాడు. నేనే నమ్మలేదు."

ఎవరికీ అర్థం కాలేదు. వెనక వరసలో ఒకరు "ఏం తెరిచాడట?" అంటే ఇంకొకరు "దుకాణమేమో" అన్నారు. ఇమాం "చాలు" అని చేతులెత్తాడు.

నమాజు అయింది. తాబూతు లేచింది. పరుగులాంటి నడకతో భుజాలు మారుస్తూ పోతుంటారు, తుర్సునలి జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వెళ్ళి ముందు కర్ర భుజానికెత్తుకున్నాడు, పక్క కర్ర కింద బఖ్రోమ్. "ఆ పొద తవ్వేసి అక్కడ కారు పెడదామని మా ఆవిడ అంటోంది బాబాయ్" అన్నాడు బఖ్రోమ్ మెల్లగా. చెయ్యి వేస్తే ఆ చెయ్యి కత్తిరిస్తానని చెప్పు మీ ఆవిడకి, అన్నాడు తుర్సునలి రొప్పుతూ, ఆగస్టులో నాకు దానితో పనుంది, వేరు మంచిది, ఇంకో ఇరవై ఏళ్ళు మోస్తుంది, నా తోటలో అన్నిటికంటే ఎర్రటిదాని కన్ను తెచ్చి కడతా, నిజంది పూస్తుంది ఆ గోడ మీద, చూస్తాను ఎలా పూయదో. అప్పుడు తెలుస్తుంది మీ నాన్నకి. తాబూతు ఊగినప్పుడల్లా నడుము గుడ్డ కింద గులాబీ కాడలు పొట్టలోకి దిగుతున్నాయి. శ్మశానం దాకా అలాగే నడిచాడు, ఇంకెవరికీ భుజం మార్చనివ్వకుండా, అడుగుకో ముల్లు, ముల్లుకో తిట్టు.